చెట్ల వగరు - గ్రామ సంపద

పచ్చి కరక్కాయ కొరికిన నోరు బిగిసినట్లగుట మనకందరకు అనుభవమే. అరటికాయ తరిగిన ఇనుప కత్తి నల్లబడుటయు ప్రతి ఇంటను చూచునదే. ఈ రెండింటికిని కారణము చెట్లలో నుండు వగరు ద్రవ్యము. శాస్త్రజ్ఞులు దీనిని టానిన్ అందురు. పంచాయతీ సభ్యులు దీనిని గూర్చి ఏల తెలిసికొనవలెనో ఇచట వివరింపదలచితిమి.

టానిన్ అనునది ఒక్క పదార్థము కాదు. ఒకే గుణముగల అనేక పదార్థముల సముదాయము. పురుగులు, బూజు, పశువులు తన్ను పాడుచేయకుండుటకై చెట్టు దీనిని బెరడులోను, ఆకులలోను, కాయలలోను నిలువ చేసికొనును. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ ఇందుకు ప్రసిద్ధములు. దీని ముఖ్య గుణములు రెండు. మాంసకృత్తులతో గట్టిగా ముడిపడుట మొదటిది. ఇనుముతో కలిసి నల్లని రంగు నిచ్చుట రెండవది.

మొదటి గుణముచేతనే తోలు పదునగుచున్నది. పచ్చి తోలు కొలది దినములలోనే కుళ్లును. దానిని సున్నపు నీటిలో నానవైచి, వెండ్రుకలు తొలగించి, తంగేడు చెక్క నానిన నీటిలో కొన్ని వారములుంచినచో టానిన్ తోలులోని మాంసకృత్తులతో ముడివడును. పిదప ఆ తోలు సులభముగా కుళ్లదు. పూర్వము మన గ్రామములందలి లంద గోతులలో జరిగిన పని ఇదియే. చెప్పులును, కపిల బానకు కట్టు తోలు తొండములును ఇట్లు సిద్ధమైనవే. ఈ రసాయన విద్యను చేతులతో నేర్చి నిలిపిన వారిని సమాజము ఊరి వెలుపల నుంచినది. వారు కుట్టిన చెప్పులు తొడిగికొనుచు వారి చేతిని తాకనొల్లని ఆ దురాచారమును రాజ్యాంగము 17వ అధికరణము రద్దుచేసినది. అది ఊరిలో ఏ రూపమునను మిగులకుండ చూచుట పంచాయతీ కర్తవ్యము.

నేడు లోకమున తోళ్లలో అధిక భాగము క్రోమియము లవణములతో త్వరితముగా పదును చేయబడుచున్నది. అయినను బెరడు పదును తోలునకు ఆదరణ పోలేదు.

రెండవ గుణము కలంకారీ వస్త్రములలో కానవచ్చును. శ్రీకాళహస్తి పనివారు బట్టను కరక్కాయ రసము, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరవేయుదురు. ఇనుప ముక్కలు, బెల్లము కలిపి పులియబెట్టిన ద్రవముతో దానిపై గీసినచో గీత నల్లగా తేలును. కరక్కాయయు అన్నభేదియు కలిపి పూర్వులు సిరా చేసికొనుటయు ఇట్టిదే. ఇదే గుణము మన ఆరోగ్యమునకును సంబంధించినది. భోజనము వెంటనే తేనీరు త్రాగినచో అందలి టానిన్ ఆహారములోని ఇనుమును పట్టి, అది శరీరమునకు చక్కగా అందకుండ చేయును. రక్తహీనతగల స్త్రీలును, గర్భిణులును భోజనమునకును తేనీటికిని నడుమ ఒక గంటయైనను ఎడముంచుట మేలు.

ఇక జాగ్రత్తలు. ఆకులలో తయారైన ఆహారము బెరడు లోపొర ద్వారానే వేళ్లకు చేరును. చెట్టు చుట్టును బెరడు ఒలిచినచో వేళ్లకు ఆహారము లేక చెట్టు ఎండిపోవును. ఒక్కనాటి కూలికై అనేక సంవత్సరముల సంపద నశించును. తంగేడును వేరుతో పెకలింపక, నేలకు కొంత ఎత్తున కొమ్మలు నరికి, ఆ నరికిన కొమ్మల చెక్కనే ఒలువవలెను. మోడు మరల చిగుర్చును. కరక్కాయలకై కొమ్మలు విరువక, పండి రాలిన కాయలను ఏరి, తడిలేకుండ ఎండబెట్టవలెను. బూజు పట్టిన కాయలకు ధర రాదు.

లంద గోతుల నీరు చెరువులో కలియరాదు. ఆ గోధుమవర్ణపు నీరు చెరువులోని ప్రాణవాయువును హరించి చేపలను చంపును. అందలి ఉప్పు పొలములను చెరచును.

షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయముపై గ్రామసభకు హక్కు నొసగు చట్టము 1996లో వచ్చినది. అడవిని నమ్ముకొని జీవించు గిరిజనులు మొదలగువారికి వానిని సేకరించి అమ్ముకొను హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టము గుర్తించినది. కనీస మద్దతు ధర పథకము 2013-14లో ప్రారంభమైనపుడే కరక్కాయ అందు చేర్చబడినది. ఈ సంగతి తెలియని ఏరువారు దళారి చెప్పిన ధరకే అమ్ముకొందురు.

కావున రాబోవు గ్రామసభలో మూడు విషయములు చర్చింపుడని మా మనవి: మీ బీళ్లలో తంగేడు, తుమ్మ, కరక చెట్లు ఎన్ని యున్నవి? బెరడు ఒలుచువారు ఏ పద్ధతి ననుసరించుచున్నారు? ఏరువారికి మద్దతు ధర తెలిసినదా? వీనికి సమాధానము దొరకిననాడు ఊరి బీడు వట్టి బీడు కాదు, ఊరందరి ఆస్తి.