పాత కారు ఊరికే ఆగిపోదు

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. బీఎస్-4 నిబంధనల వల్ల హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో దాని అమ్మకం 2010లోనే ముగిసింది. అంటే హైదరాబాద్‌లో కొత్తగా కొన్న ఆఖరి 800కి కూడా పదిహేనేళ్లు నిండిపోయాయి. అయినా ఆ బండి నగరం సందుల్లోనూ జిల్లా పట్టణాల బజార్లలోనూ తిరుగుతూనే ఉంది. దానికి తోడు పాత శాంత్రోలు, ఇండికాలు, మొదటి తరం స్విఫ్ట్‌లు, వేగన్ ఆర్‌లు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి, అక్కణ్నుంచి మూడో చేతికి వచ్చిన బండ్లవి. అప్పు చేసో, చీటీ పాడుకునో అలాంటి కారు కొనుక్కున్న కుటుంబానికి అది పిల్లల్ని ఎండకూ వానకూ బైకు మీద తిప్పే బాధ తప్పించిన బండి. దాన్ని నిలబెట్టుకోవడం ఎలాగో తెలియక సగంలో వదిలేసుకోవడమే విచారకరం.

పాత బండిని నమ్ముకోలేం, ఎక్కడ నిలబెట్టేస్తుందో తెలియదు అంటారు చాలామంది. కానీ దారిలో ఆగిపోయిన కారు చాలాసార్లు ముందే ఏదో ఒక గుర్తు ఇచ్చే ఉంటుంది. రాత్రి బండి నిలిపిన చోట పొద్దున్నే నేల మీద పచ్చటి చుక్కలు, గతుకుల్లో ముందు చక్రం దగ్గర టక్కుమనే చప్పుడు, లోపల తీయటి వాసన, సెల్ఫ్ రోజురోజుకూ బరువుగా తిరగడం. ఈ గుర్తుల్ని పట్టుకున్నవాళ్లకు వందల్లో పోయే ఖర్చు, పట్టించుకోనివాళ్లకు వేలల్లోకి వెళుతుంది.

తెలుగు నేల మీద పాత ఇంజన్‌కు మొదటి శత్రువు వేడి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డ బండి పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ ఆ వేడిని రేడియేటర్‌కు మోసుకెళుతుంది. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా, అంటే సుమారు 80 నుంచి 90 డిగ్రీల వరకు, థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఆ దారిని మూసి ఉంచుతుంది. రేడియేటర్ మూత చేసే పని ప్రెషర్ కుక్కర్ మూత చేసేదే. లోపల ఒత్తిడి నిలిపి, కూలెంట్ 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఆపుతుంది. ఆ మూతలోని రబ్బరు వాషర్ ఎండి పగిలితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ కొంచెం కొంచెంగా పోతుంది. మూత మారిస్తే పోయేదానికి ఇంజన్ విప్పుకునేదాకా తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఇక్కడ రెండు అలవాట్లు పాత బండ్లకు చాలా చెడు చేస్తున్నాయి. మొదటిది, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం. ఆ నీళ్లలోని లవణాలు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటాయి, లోహాన్ని తినేస్తాయి. దారిలో తప్పనిసరై పోస్తే పోయవచ్చు, ఇంటికి చేరాక దాన్ని తీయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయించాలి. రెండోది, మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకంటూ పీకి పారేయడం. అది లేని ఇంజన్ సరైన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లోని తేమ ఆవిరైపోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, హీటెక్కడానికి అసలు కారణం ఫ్యాన్‌లోనో నీళ్ల పంపులోనో ఉంటే అది దాగిపోతుంది.

దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ముందు ఏసీ ఆపాలి. హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించాలి. ఉక్కగా ఉంటుంది, కానీ ఇంజన్ వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఎగదన్ని ముఖం, చేతులు కాలుతాయి. కాస్త దూరమే కదా, ఇంటికి వెళ్లిపోదాం అనుకోవడమే ఎక్కువ నష్టం చేస్తుంది. అల్యూమినియం హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతుంటే, సైలెన్సర్‌లోంచి ఆగకుండా తెల్లటి పొగ వస్తుంటే, ఆయిల్ మూత తీసిచూస్తే పాల మీగడ రంగు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

పొగ రంగు ఇంకా చాలా చెబుతుంది. నల్లపొగ అంటే ఇంధనం పూర్తిగా కాలడం లేదు, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నీలిపొగ కనిపించగానే బండి బోరుకొచ్చిందని తేల్చేస్తుంటారు. అలా తేల్చే ముందు పొగ ఎప్పుడు వస్తుందో చూడాలి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి వచ్చి ఆగిపోతే, తప్పు బహుశా వాల్వ్ సీళ్లది. అది బోరు పనికన్నా చాలా చిన్న పని. బండి లాగుతున్నప్పుడల్లా వస్తుంటే అప్పుడు పిస్టన్ రింగుల సంగతి ఆలోచించాలి. కంప్రెషన్ టెస్ట్ చేయించకుండా ఇంజన్ విప్పడానికి ఒప్పుకోకూడదు.

స్టార్ట్ కాని బండి దగ్గర చెవి చేసే పని ఎక్కువ. తాళం తిప్పితే టక్ టక్ అని మాత్రమే వినిపిస్తే బ్యాటరీయో, దాని టెర్మినళ్లో, ఎర్త్ వైరో. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే బ్యాటరీ బాగానే ఉంది, వెతకాల్సింది పెట్రోలు, ప్లగ్గుల వైపు. ఎంపీఎఫ్‌ఐ బండ్లలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి పెట్రోలు పంపు రెండు క్షణాలు రొద చేస్తుంది. ఆ రొద లేకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. కొన్ని వందలకు దొరికే మల్టీమీటర్ ఇంట్లో ఉంటే మంచిది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టులకు దగ్గరగా చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే ఆగిందంటే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదు. ఆ సంగతి చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే, అది కూడా నాలుగు రోజుల్లో పడుకుంటుంది.

మెకానిక్ దగ్గర మాట్లాడే తీరులోనూ డబ్బు మిగులుతుంది. ప్లగ్గులు మార్చండి, క్లచ్ ప్లేటు వేయండి అని యజమానే తీర్పు చెప్పకూడదు. ఏం జరుగుతోందో, ఎప్పుడు జరుగుతోందో చెప్పాలి. "చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కాక మిస్సింగ్ కొడుతోంది", "స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే కటకటమంటోంది" అంటే మంచి మెకానిక్‌కు సగం పని అయిపోయినట్టే. రెండో మాట వింటే అతను నేరుగా యాక్సిల్ జాయింట్ రబ్బరు బూటు చిరిగిందేమో చూస్తాడు. 2010 తర్వాత వచ్చిన చాలా కార్లలో స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదవవచ్చు. కానీ కోడ్ చెప్పేది లక్షణమే. పీ0171 వస్తే ఇంజన్‌లోకి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అందుతోందని అర్థం. వెంటనే సెన్సర్ కొనేయకుండా, గాలి పైపు ఎక్కడైనా పగిలిందేమో, పెట్రోలు ఫిల్టర్ మూసుకుందేమో చూడాలి.

ఈ మధ్య వచ్చిన కొత్త సంగతి ఈ20. బంకుల్లో పోసే పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. దానిలో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. అది తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. 2023కు ముందు తయారైన బండ్లు ఎక్కువ భాగం దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత కారున్నవాళ్లు ఇంధనపు రబ్బరు పైపుల్ని చూపించుకోవడం, ఫిల్టర్ ముందుగానే మార్చుకోవడం, సగం ట్యాంకుతో బండిని నెలల తరబడి కదపకుండా వదిలేయకపోవడం అవసరం. పెట్రోలు వాసన వస్తే మాత్రం రేపు చూద్దామనుకోకూడదు.

రబ్బరు కిలోమీటర్లతో పాటు కాలానికీ అరుగుతుంది. మారుతి 800లోనూ, పాత శాంత్రోలోనూ ఉండే టైమింగ్ బెల్టు అలాంటిదే. తక్కువ తిరిగిన బండి అని మురిసిపోయి దాన్ని పదేళ్లు ఉంచితే ఓ రోజు తెగుతుంది. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చివరిసారి ఎప్పుడు మార్చారో రుజువు లేని బండి కొంటే, కొన్న వారంలోనే మార్పించేయడం మేలు. టైరుకూ వయసుంటుంది. పక్క గోడ మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాళ్లు లోతుగా ఉన్నా పగుళ్లు తేలిన టైరుతో వేసవిలో హైవే ఎక్కకూడదు. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చుకుని, ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడేలా చేస్తుంది. రెండేళ్లకోసారి మార్చాలి.

ఇంకా కొనలేదు, చూస్తున్నారంటే వరద సంగతి మరవద్దు. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ మునిగాయి. నీళ్లలో నానిన కార్లను శుభ్రం చేసి మెరుగుపెట్టి అమ్మేవాళ్లుంటారు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే బురద చార కనిపించవచ్చు. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు, ముక్కిన వాసన ఉంటే దండం పెట్టి వచ్చేయాలి. వైరింగ్‌లో చేరిన తుప్పు బయటపడటానికి నెలలు పడుతుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి కార్లు చవగ్గా ఇటు వచ్చాయి. ఆ చవక చూసేటప్పుడు ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి. ఆర్సీ మీద ఫైనాన్స్ ఇంకా ఉందేమో, ఛాసిస్ నంబర్ కాగితాలతో సరిపోతోందో లేదో డబ్బులిచ్చే ముందే చూసుకోవాలి.

సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లకు తీరుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 600 రూపాయలుండే ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు, 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. దీనికి తోడు రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్. ఇంత కట్టేముందు బండిని లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం చూడటం తప్పనిసరి. ఇంజన్, క్లచ్, సస్పెన్షన్ బాగుచేసుకోవచ్చు. ఛాసిస్ పట్టీలు, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు తినేస్తే మాత్రం పైన పుట్టీ, పెయింటు కొట్టి నడపడం ప్రాణాలతో ఆడుకోవడమే. అలాంటి బండిని గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త కారు కొనేటప్పుడు పన్నులో రాయితీకి అది పనికొస్తుంది, సొంత వాహనాలకు 25 శాతం వరకు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పాత సామాన్ల కొట్టువాడికి అమ్మేసేవాళ్లు కూడా ఆర్సీ రద్దు చేయించుకోవాలి. అది రద్దయ్యేదాకా కాగితాల మీద ఆ బండికి యజమాని పాత మనిషే.