మా ఇంటికొచ్చిన మరో ఇంటి గుండె

రాత్రి ఎనిమిదయ్యేసరికి మా ఇంట్లో నాలుగు సెల్‌ఫోన్లలో ఒకేసారి అలారం మోగుతుంది. సీరియల్ ఎంత మంచి పట్టులో ఉన్నా సరే, అత్తయ్య టీవీ నోరు నొక్కేసి "వాడు మాత్ర వేసుకున్నాడా?" అంటుంది. మా మరిదికి గుండె మార్పిడి జరిగి మూడేళ్ళు దాటింది. ఈ ప్రశ్నకి మాత్రం పండగలూ లేవు, సెలవులూ లేవు.

2019లో అతనికి జ్వరం వచ్చి తగ్గింది. ఆయాసం మాత్రం తగ్గలేదు. గ్యాసేమో అనుకుంటూ నెల గడిపాం. చివరికి గుంటూరులో ఎకో తీయిస్తే 'డైలేటెడ్ కార్డియోమయోపతి' అన్నారు. గుండె కండరం సాగిపోయి బలహీనపడిందట. బాగున్న గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలో నిండిన రక్తంలో సగానికి పైగా బయటికి పంపుతుంది. మావాడిది 15 శాతమే పంపుతోంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, స్నానాల గది దాకా నడవడానికి మధ్యలో ఓసారి కూర్చునేవాడు.

మందులతో నెట్టుకొచ్చాం. 2022లో డాక్టర్లు ఇక గుండె మార్చక తప్పదన్నారు. ఆస్పత్రి ద్వారా 'జీవన్‌దాన్'లో పేరు నమోదైంది. దాత నుంచి తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. కబురొస్తే వెంటనే చేరుకోవాలని తెనాలి వదిలి హైదరాబాద్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం.

ఆ ఎదురుచూపుల్లో జరిగిన ఓ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఒకరోజు టీవీలో రోడ్డు ప్రమాదం వార్త వస్తోంది. "అయ్యో" అనాల్సింది పోయి, 'ఆ అబ్బాయిది ఏ గ్రూపు రక్తమో' అనుకున్నాను. మరుక్షణం నామీద నాకే అసహ్యం వేసింది. మా ఇంట దీపం నిలవాలంటే మరో ఇంట దీపం ఆరాలి. దేవుణ్ణి ఏమని వేడుకోవాలో కూడా తెలియలేదు.

ఆగస్టులో ఓ అర్ధరాత్రి ఫోన్ వచ్చింది. అవయవదానానికి 1994లో వచ్చిన చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెత్‌ని నిర్ధారించాలి. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నాకే ముందుకి వెళతారు. మనదేశంలో మొదటి గుండె మార్పిడి జరిగిందీ ఆ ఏడాదే. ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ ఆపరేషన్ చేసిన డాక్టర్ వేణుగోపాల్ మన తెలుగువారే. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి. ఆ రాత్రి మాకు తెలిసింది ఒక్కటే, ఎక్కడో ఓ తల్లి గుండె రాయి చేసుకుని 'సరే' అంది. ఆమె ఎవరో, ఏ ఊరో మాకు చెప్పలేదు.

ఆపరేషన్ అయిపోతే గండం గడిచినట్టే అనుకున్నాం. అసలు కాపురం అప్పుడే మొదలైంది. కొత్త గుండె అత్తారింటికొచ్చిన కోడలు లాంటిది. ఒంటికి అది పరాయిదే. ఎప్పుడు వెళ్ళగొడదామా అని చూస్తుంది. దాన్ని ఊరుకోబెట్టడానికే పన్నెండు గంటలకోసారి మాత్రలు. అవి ఒంట్లోని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి చిన్న జలుబైనా భయమే. బయట కోసిపెట్టిన పళ్ళు, బండి మీది చట్నీలు బంద్. దొడ్లో కాసిన పంపర పనస కూడా ఇరుగుపొరుగుకి పంచేశాం. అది తింటే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుందట. మెడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టం పంపి, గుండె నుంచి రవ్వంత ముక్క తీసి పరీక్ష చేసేవాళ్ళు. మొదట్లో వారానికోసారి, తర్వాత తర్వాత దూరం పెంచుతూ.

ఎనిమిది నెలలకి మరిది తేరుకున్నాడు. కానీ మందుల వల్ల చేతులు వణికేవి, ముఖం ఉబ్బింది. "బాగానే ఉన్నాగా వదినా, ఇంకా ఎన్నాళ్ళిలా?" అని విసుక్కునేవాడు. ఎవరికీ చెప్పకుండా రాత్రి మాత్రలు మానేశాడు. పరీక్షలో బయటపడింది. ఒళ్ళు గుండెను తిరస్కరిస్తోంది! మళ్ళీ ఆస్పత్రి, మూడు రోజులు నరానికి స్టెరాయిడ్లు.

అప్పుడు బయటపడింది మా తోడికోడలు. "అక్కా, అందరూ ఆయనెలా ఉన్నారని అడుగుతారు. రాత్రిళ్ళు నేను నిద్రపోతున్నానా అని ఒక్కరూ అడగలేదు" అంది. నిజమే. పసిబిడ్డ, వంట, మాత్రలు, ఆస్పత్రి అన్నీ ఆమె మీదే వదిలేసి మేము పరామర్శకి వచ్చినవాళ్ళలా ఉండిపోయాం.

ఆ రాత్రే పనులు పంచుకున్నాం. మాత్రల డబ్బా అత్తయ్యది, వంట నాది, ఆస్పత్రి తిరుగుడు మావారిది. ఆదివారం పిల్లాణ్ణి మేం చూసుకుంటాం, ఆమె నిద్రపోతుంది. నాలుగు ఫోన్లలో అలారం మొదలైంది అప్పుడే. మరిదిని ఎవరూ తిట్టలేదు. అత్తయ్య మాత్రం మంచం పక్కన కూర్చుని ఒక్క మాట అంది. "ఒక తల్లి తన బిడ్డని నీ చేతిలో పెట్టిందిరా. అప్పగింతలు చేసి పంపిన పిల్లని పస్తు పెడతామా?" ఆ తర్వాత అతను ఒక్క పూట కూడా మానలేదు.

ఇప్పుడు ఉదయం, సాయంత్రం నడుస్తాడు. ఆపరేషన్‌లో గుండె నరాలు తెగిపోతాయి కాబట్టి కొత్త గుండె వెంటనే వేగం అందుకోదు. మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపాలి. ఉద్యోగంలో కూడా చేరాడు. ఏటా ఆగస్టులో పేరు తెలియని ఆ తల్లి కోసం అత్తయ్య ఓ దీపం పెడుతుంది.

నేనూ మావారూ అవయవదానానికి పేర్లిచ్చాం. కార్డు బీరువాలో పెట్టి ఊరుకోలేదు. ఆ సమయం వస్తే 'సరే' అనాల్సింది ఇంట్లోవాళ్ళే కదా! అందుకే భోజనాల దగ్గర పిల్లలకి చెప్పాం. అమ్మాయి ముద్ద ఆపేసి "అలా మాట్లాడకమ్మా" అంది. కాసేపాగి, "సరేలే, బాబాయికి ఇచ్చినట్టేగా" అంది.

మీరూ ఓ పూట ఇంట్లో ఈ మాట ఎత్తి చూడండి.