మొదటి చిచ్చుబుడ్డి మీ చేతిమీదుగానే!

ప్రియమైన తల్లిదండ్రులకు,

కిందటేడు దీపావళి సెలవులయ్యాక మా సిక్స్త్ క్లాసు బాబు ఒకడు చేతికి కట్టుతో వచ్చాడు. తుస్సుమన్న చిచ్చుబుడ్డిని తీసి చూడబోయాడట. "ఎందుకు నాన్నా?" అంటే, "మా డాడీ కూడా అలాగే చూస్తారు మిస్" అన్నాడు.

పిల్లలు మన మాటలకన్నా మన చేతల్ని చూసి నేర్చుకుంటారు. అందుకే ఈసారి మూడు మెట్లలో నేర్పండి. ముందు మీరు వెలిగించి చూపించండి: ముఖం దూరంగా ఉంచి, చేయి చాచి, పొడవాటి అగరువత్తితో అంటించి, వెంటనే వెనక్కి రావాలి. తర్వాత చేయి పట్టుకుని చేయించండి. ఆ తర్వాతే, మీరు పక్కనుండగా, తనంతట తాను.

కాకరపువ్వొత్తే కదా అని వదిలేయకండి. దాని వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు. కాలిన తీగల్ని నీళ్ల బకెట్లో వేయించండి. పేలనిదాన్ని మళ్లీ అంటించొద్దు. 20 నిమిషాలు ఆగి, దూరం నుంచి నీళ్లు పోయండి. చేయి కాలితే టూత్‌పేస్ట్ రాయకండి. 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచి, డాక్టర్‌కు చూపించండి.

"ఏం కాదులే" అనకండి. "ఆగు, చూడు, అప్పుడు అంటించు" అనండి. రేపు సైన్స్ ల్యాబ్‌లోనూ వాళ్లకు ఆ అలవాటే తోడుంటుంది.

హ్యాపీ అండ్ సేఫ్ దీపావళి!