రాయిని పగలగొట్టే నీరు

రాయి గట్టిదా? నీరు గట్టిదా?

ఎవరిని అడిగినా రాయే గట్టిది అంటారు. కానీ మంచు కురిసే కొండల్లో నీరే రాయిని పగలగొడుతుంది. గునపం లేదు. సుత్తి లేదు. మందుగుండు లేదు. మరి రాయి ఎలా పగులుతుంది? తెలుసుకుందాం.

గడ్డకడితే ఉబ్బుతుంది

చాలా వస్తువులు చల్లబడితే కుంచించుకుపోతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు మాత్రం ఉబ్బుతుంది. 10 గ్లాసుల నీళ్లు గడ్డకడితే సుమారు 11 గ్లాసుల చోటు కావాలి. గాజుసీసా నిండా నీళ్లు పోసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో ఐసు కట్టే అరలో పెడితే ఏమవుతుంది? సీసా పగిలిపోతుంది. లోపలి ఐసుకు చోటు చాలదు. అది సీసాను బయటికి నెడుతుంది. ఇది మీరు చేసి చూడకండి. గాజు ముక్కలు గుచ్చుకుంటాయి.

రాతిలోనూ జరిగేది ఇదే. ఎంత గట్టి బండకైనా సన్నని పగుళ్లుంటాయి. వాననీరు, కరిగిన మంచునీరు వాటిలోకి దిగుతాయి. రాత్రి చలికి ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. పగులును రెండు పక్కలకీ నెడుతుంది. పగులు వెంట్రుకవాసి పెద్దదవుతుంది. తెల్లారి ఎండకు ఐసు కరుగుతుంది. ఆ నీరు ఇంకా లోపలికి దిగుతుంది. పైనుంచి కొత్త నీరు చేరుతుంది. రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది.

ఒక్క రాత్రితో బండ పగలదు. ఇలా ఏళ్ల తరబడి జరగాలి. కరగడం, గడ్డకట్టడం ఎన్నిసార్లు జరిగితే రాయి అంత బలహీనమవుతుంది.

పూర్వం రాళ్లు కొట్టేవాళ్లకు ఇలాంటి ఉపాయమే తెలుసు. బండలో వరుసగా గుంటలు చేసేవారు. వాటిలో ఎండు కొయ్య చీలలు దిగగొట్టి నీళ్లు పోసేవారు. కొయ్య నాని ఉబ్బేది. బండ చీలేది. అక్కడ కొయ్య చేసే పనే ఇక్కడ ఐసు చేస్తుంది.

కూలిపోయిన రాతి ముఖం

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఒక కొండ అంచున కొన్ని గ్రానైటు బండలు ఉండేవి. పక్కనుంచి చూస్తే ముసలాయన ముఖంలా కనపడేవి. ఆ ముఖం ఎత్తు సుమారు 40 అడుగులు. జనం దాన్ని 'కొండమీది ముసలాయన' అనేవారు. దూరాల నుంచి వచ్చి చూసేవారు.

అది ఎప్పుడైనా పడిపోతుందని అక్కడివాళ్లకు భయం. 1958లో పగుళ్లను సిమెంటుతో పూడ్చారు. ఇనుప కడ్డీలతో బిగించారు. పైనుంచి వచ్చే నీరు పక్కకు పోయేలా కాలువ కట్టారు. అయినా నీరు, చలి తమ పని మానలేదు. 2003 మే 3న ఆ ముఖం కూలిపోయింది.

మనకెందుకు ఈ సంగతి?

మన ఊళ్లలో బండలు మంచుకు పగలవు. ఇక్కడ అంత చలి లేదు. కానీ మనవాళ్లు ఎందరో బదరీనాథ్, కేదారనాథ్ యాత్రలకు వెళతారు. అవి హిమాలయాల్లో ఉన్నాయి. చలికాలంలో ఆ గుడులు మూసేస్తారు. ఎండాకాలం మొదట్లో తెరుస్తారు. అప్పటికి పైకొండల్లో మంచు కరుగుతుంటుంది. విరిగిన రాతిముక్కలను చలికాలమంతా ఐసే జిగురులా పట్టి ఉంచుతుంది. ఐసు కరిగితే ఆ పట్టు వదులుతుంది. రాళ్లు జారతాయి. వానలు, భూకంపాలు, రోడ్డు కోసం కొండను తవ్వడం వల్ల కూడా రాళ్లు పడతాయి.

అమ్మా, మీరుగాని, మీ ఇంట్లోవాళ్లుగాని ఆ దారిన వెళితే ఈ మాటలు గుర్తుంచుకోండి:

నిట్టనిలువు కొండ కింద కూర్చుని అన్నం తినకండి, కునుకు తీయకండి.

పైనుంచి చిన్న రాళ్లు దొర్లుతుంటే అక్కడ నిలబడకండి. వెనక పెద్దవి రావచ్చు.

పోలీసులు దారి ఆపితే వాదించకండి. ఒక పూట ఆలస్యమైనా ప్రాణం దక్కుతుంది.

ఇంకో మాట. పగిలిన రాయి వృథాగా పోదు. ముక్కలు ఏటిలో దొర్లి అరిగి ఇసుకవుతాయి, ఒండ్రు అవుతాయి. గంగానది అలాంటి ఒండ్రును మోసుకొచ్చి మైదానంలో పరిచింది. ఆ నేలలోనే వరి, గోధుమ పండుతున్నాయి.

ఆలోచించండి

1. ఐసు కట్టేటప్పుడు నీరు ఉబ్బుతుందా, తగ్గుతుందా?

2. ఒకే రాత్రిలో బండ ఎందుకు పగలదు?

3. మన ఊళ్లో గోడలో మొలిచిన రావిమొక్క గోడను ఏం చేస్తుంది? దానికీ, ఐసుకూ పోలిక ఏమిటి?