సీసాలో పెరిగిన మొక్క తల్లిని పోలునా?

మన అనంతపురపు మెట్టసీమలో ఏడాదికి కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను తాడిపత్రి, పుట్లూరు, నార్పల, యల్లనూరు ప్రాంతముల రైతులు బోరుబావి నీటిని బిందుసేద్యముచే పొదుపుగా వాడి అరటితోటలు పెంచుచున్నారు. వారు నాటు గ్రాండ్ నైన్ మొక్కలు చాలవఱకు టిష్యూకల్చరు, అనగా కణజాల వర్ధనము, వలన పుట్టినవి. అవి యెల్లప్పుడును తల్లినే పోలునా యని విచారింతము.

మనము తిను అరటికి మొలచు విత్తులు లేవు; పిలకలే దాని సంతానము. పిలకలోని లేత మొగ్గను కోసి, శుద్ధిచేసి, చక్కెర, లవణములు, వృద్ధికారకములు గల పోషకముపై సీసాలో నుంచెదరు. అది పెక్కు మొగ్గలు తొడుగును. వానిని విడదీసి క్రొత్త సీసాలలో మరల పెంచెదరు. ఇట్లు ఒక్క పిలక నుండి వందలకొలది మొక్కలు లభించును.

తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకుని తలచుకొనుడు. ప్రతికి ప్రతి వ్రాసినకొలది తప్పులు చేరును. సీసాలోని కణములును అట్టివే. 1981లో లార్కిన్, స్కౌక్రాఫ్ట్ అను శాస్త్రజ్ఞులు ఈ మార్పులకు సోమాక్లోనల్ వేరియేషన్ అని పేరిడిరి. అరటితోటలో అక్కడక్కడ కనబడు పొట్టిమొక్కలు దీనికి నిదర్శనము.

జన్యువులు కణకేంద్రకములోనే కాక, కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలలోను కొన్ని కలవు. మొక్కల మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో కొన్ని భాగములు పలుచోట్ల పునరుక్తములై యుండును. అట్టి చోట్ల పోగులు తెగి వేఱుగా అతుకుకొనిన, నడిమి భాగము జారిపోవచ్చును.

దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము మొక్కజొన్న. అమెరికాలో పుప్పొడి నీయని టెక్సాస్ వంశమును సంకర విత్తనములకై విరివిగా వాడిరి. 1970లో ఆకులను మాడ్చు బూజు తెగులు వచ్చి, ఆ దేశపు మొక్కజొన్నలో సుమారు 15 శాతము నష్టమయ్యెను. పిమ్మట గెంగెన్‌బాక్, గ్రీన్, డోనొవాన్ అనువారు ఆ వంశపు కణములను బూజు విషము కలిపిన పోషకముపై పెంచి, బ్రతికినవాని నుండి మొక్కలను మొలిపించి, 1977లో ఫలితములు ప్రకటించిరి. ఆ మొక్కలు విషమును సహించుటయే కాక పుప్పొడిని గూడ నిచ్చెను! విషము లేని సీసాలలో పెరిగినవానిలోను కొన్ని యిట్లే మారెను. మైటోకాండ్రియాలోని టి-యుఆర్‌ఎఫ్13 అను జన్యువు వానిలో చాలవఱకు లోపించినదని తరువాత తెలిసెను. తెగులునకు లొంగుటకును, పుప్పొడి లేకుండుటకును ఆ జన్యువే కారణము.

ఇచ్చట మార్పు మేలు చేసినది. ఎల్లెడల అట్లు కాదు. అరటిలోని పొట్టితనము మైటోకాండ్రియా దోషమే యని మేము చెప్పుట లేదు. కణములోని ఏ గ్రంథమునందైనను లేఖనదోషము కలుగవచ్చునని మాత్రమే మా తాత్పర్యము. మొక్క వేఱుపడినదని తోటలో తెలియుసరికి నెలలు గడచును. అంతలో కొంత నీరు, కొంత అప్పు వ్యర్థమగును.

కావున సీసా మార్చు పర్యాయములను మితము చేయవలెను. మేలైన తల్లిమొక్కనే యెన్నుకొనవలెను. కేంద్ర ప్రభుత్వము 2006లో కణజాల మొక్కలకు ధ్రువీకరణ పద్ధతిని నెలకొల్పినది. మొక్కలు కొను రైతులు ఆ ధ్రువపత్రమును అడుగవలెను. విద్యార్థులారా, మీ తోటలో కొత్తగా నాటిన వరుసలను పరికింపుడు. తోడిమొక్కల కంటె పొట్టిగానో, ఆకు వింతగానో కనబడినదానిని వెంటనే పెద్దలకు చూపుడు. ముందుగా తీసివేసిన మొక్క తాగవలసిన నీరు పక్కదానికి దక్కును.