కార్డ్‌లెస్ రోటరీ హ్యామర్ కొంటున్నారా? ఓల్ట్‌లు కాదు, జూల్స్ చూడండి

మొబైల్స్ సైట్‌లో డ్రిల్లింగ్ మెషీన్ ఏంటి అనుకోకండి, ఇక్కడా అసలు కథ బ్యాటరీదే. మా ముక్తేశ్వరంలో ఏసీలు బిగించే కుర్రాళ్లు పనుంటే రేవు దాటి కోటిపల్లి వైపు కూడా వెళ్తారు. కరెంటే రాని కొత్త బిల్డింగ్‌లోకి వైర్ మెషీన్ మోసుకెళ్లి ఏం లాభం? ఆ రోజు కూలి పోయినట్టే.

ముందు పవర్. మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌లో పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి గెంతుతాయి, మనమే బలంగా నొక్కాలి. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కితే, ఆ గాలి స్ట్రైకర్‌ని విసిరి బిట్‌ని కొట్టిస్తుంది. ఆ దెబ్బని జూల్స్‌లో కొలుస్తారు. బాష్ వైర్ మోడల్ జీబీహెచ్ 2-26ది 2.7 జూల్స్, బ్యాటరీతో నడిచే జీబీహెచ్ 18వీ-26ది 2.6. మకీటా డీహెచ్ఆర్242ది 2, చిన్నది డీహెచ్ఆర్171ది 1.2. వైర్ తీసేసినా దెబ్బ పెద్దగా తగ్గలేదన్నమాట! గోడకి 6 ఎంఎం ప్లగ్గులైతే 1.2 చాలు. స్లాబ్‌లో రోజూ 12 ఎంఎం యాంకర్లు వేసేవాళ్లు 2కి తగ్గొద్దు.

ఇక రన్‌టైమ్. ఏహెచ్‌ని ఓల్ట్‌లతో గుణించండి. 18 ఓల్ట్‌ల 5 ఏహెచ్ ప్యాక్ అంటే 90 వాట్ అవర్స్. మీ 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో ఉండేది సుమారు 19. 2 ఏహెచ్ ప్యాక్‌లో ఐదు సెల్స్, ఒకటే వరుస. 5 ఏహెచ్‌లో సాధారణంగా రెండు వరుసలుంటాయి కాబట్టి ఒక్కో సెల్ మీద లోడ్ సగమే, వేడీ తక్కువే. అందుకే చిన్న ప్యాక్ లెక్క ప్రకారం రావాల్సిన దానికన్నా ముందే చేతులెత్తేస్తుంది. అన్నట్టు, '20 ఓల్ట్ మ్యాక్స్' అన్నా ఇవే ఐదు సెల్స్, ఫుల్ ఛార్జ్ మీద చెప్పే అంకె అది.

పని మీదే బతికేవాళ్లకి నా ఓటు 2 జూల్స్ మెషీన్, రెండు 5 ఏహెచ్ ప్యాక్‌లు. ఇంట్లో ఏడాదికి నాలుగు బెజ్జాలకైతే వైర్‌దే కొనండి. ఆన్‌లైన్‌లో ధర మరీ తక్కువ కనిపిస్తే అది బేర్ టూలేమో చూసుకోండి, బ్యాటరీ, ఛార్జర్ విడిగా కొనాలి.