తెల్లవారుజాము కల ఎందుకు గుర్తుంటుంది?

"తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది" అని మన పెద్దలు అంటూంటారు. మరి రాత్రి తొలిజాములో వచ్చిన కలల గురించి ఎవరూ చెప్పుకోరెందుకు? అప్పుడు కలలు రావా?

ఒక ఉదాహరణ చూద్దాం. పుదుచ్చేరి పట్టణంలోని గోరిమేడులో జిప్మర్ వైద్యసంస్థ ఉంది. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాల దీనికి మూలం. 1964లో దానికి జిప్మర్ అన్న పేరు వచ్చింది. అక్కడికి యానాం నుంచి భర్త వైద్యం కోసం వచ్చిన ఒక ఇల్లాలిని ఊహించుకోండి. రాత్రంతా రోగి పక్కనే కూర్చుని కునికిపాట్లు పడింది. మందు వేయడానికి ఒకసారి, ఆయన మూలిగినప్పుడు ఒకసారి లేచింది. తెల్లవారుజామున కల వచ్చింది. గౌతమి పొంగి తమ ఇంటిని కొట్టుకుపోయింది. దిగ్గున లేచి కూర్చుంది. "ఇది దేనికి సూచన?" అన్న దిగులు ఇక ఆమెను వదలలేదు.

కంటిపాపల కదలిక

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ ఒక విచిత్రాన్ని గమనించారు. నిద్రపోతున్నవారి మూసిన రెప్పల కింద కళ్లు అప్పుడప్పుడు చకచకా కదులుతున్నాయి. ఈ దశను 'రెమ్' నిద్ర అంటారు. 1957లో విలియం డెమెంట్, క్లైట్‌మన్ మరో అడుగు వేశారు. రెమ్ నిద్రలో 191 సార్లు లేపి అడిగితే 152 సార్లు కల గుర్తుంది. మిగతా నిద్రలో 160 సార్లు లేపితే 11 సార్లే గుర్తుంది. రెమ్ దశ ముగిసి ఎనిమిది నిమిషాలు దాటాక లేపితే కల జాడ దాదాపు లేదు!

రెమ్ దశ సుమారు 90 నిమిషాలకొకసారి వస్తుంది. తొలిజాములో అది కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారేకొద్దీ పొడవవుతుంది. పైగా మెలకువ వచ్చేది కూడా అప్పుడే. తెల్లవారుజాము కల గుర్తుండడంలోని రహస్యం ఇదే.

మెదడు ఎందుకు మరిచిపోతుంది?

అనుభవాన్ని జ్ఞాపకంగా నిలపడానికి తోడ్పడే నార్ఎడ్రినలిన్ అనే రసాయనం విడుదల రెమ్ నిద్రలో దాదాపు ఆగిపోతుంది. అంటే మెదడులో నాటకం నడుస్తూనే ఉంటుంది, రాసుకునే గుమాస్తా మాత్రం సెలవులో ఉంటాడు. మెలకువ వస్తేనే అతను మళ్లీ కలం పడతాడు. 2019లో జపాన్ శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, మెదడులోని హైపోథాలమస్ భాగంలో కొన్ని నాడీకణాలు రెమ్ నిద్రలో మరుపును కలిగిస్తున్నట్లు కూడా తేలింది.

2014లో ఫ్రాన్సులోని లియాన్ పరిశోధకులు, కలలు తరచూ గుర్తుండేవారు రాత్రి మధ్యలో సుమారు అరగంట మెలకువగా ఉంటారనీ, గుర్తుండనివారు అందులో సగమేననీ గుర్తించారు. కల గుర్తుండడానికి కారణం దాని మహత్తు కాదు, మనకు వచ్చిన మెలకువ.

గుర్తుంచుకోవాలంటే

మెలకువ రాగానే కదలకుండా, కళ్లు తెరవకుండా ఒక నిమిషం ఉండండి. చివరి దృశ్యం నుంచి వెనక్కి నడవండి. తలగడ దగ్గర కాగితం, పెన్సిలు ఉంచుకుని వెంటనే రాయండి. శాస్త్రజ్ఞుడు ఆటో లోవీకి కప్ప గుండెపై చేయవలసిన ప్రయోగం కలలోనే తట్టింది. నిద్రమత్తులో గీసుకున్న రాత ఉదయం ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి అదే కల మళ్లీ వస్తే, ఈసారి నేరుగా ప్రయోగశాలకు పరుగెత్తాడు. నాడులు రసాయనాల ద్వారా సందేశం పంపుతాయని నిరూపించిన ఆ కృషికి 1936లో నోబెల్ బహుమతి లభించింది.

కొన్ని సందర్భాల్లో మాత్రం డాక్టరును కలవాలి. రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ వంటి కొన్ని మందుల వల్ల స్పష్టమైన కలలు రావచ్చు. మందు మీ అంతట మీరు మానకండి, డాక్టరుకు చెప్పండి. నిద్రలో కలకు తగ్గట్టు కాళ్లు చేతులు విసరడం, పక్కవారిని కొట్టడం జరుగుతుంటే ఆలస్యం చేయవద్దు.

ఇక ఆ ఇల్లాలి సంగతి. వరద కలలో ఆమె భయం కనిపించి ఉండవచ్చు. భర్త భవిష్యత్తు మాత్రం కాదు. ఆ కల గుర్తుండిపోవడం చెబుతున్నది ఒక్కటే: ఆమెకు నిద్ర తెగిపోతోంది. ఆయన ఎలా ఉన్నారో డాక్టరును అడగాలి. రాత్రి ఇంకెవరినైనా తోడు కూర్చోబెట్టి, ఆమె కాసేపు హాయిగా నిద్రపోవాలి.